కీళ్ళకు మందు, కడుపుకు గడ్డి

బరంపురం నుంచి హింజిలికాటు, ఆస్కా మీదుగా పొలసర వెళ్ళే దారి పొడవునా వరి మళ్ళే. ఋషికుల్య నీరు పారే పొలాలు, దారి పక్కన రైసు మిల్లులు, వాటి వాకిళ్ళలో తవుడు బస్తాలు. గుర్రం ఈ నేలలో పుట్టి పెరిగిన జంతువు కాదు. ఎండు మైదానాల్లో పొద్దస్తమానం నడుస్తూ, పరకా పరకా కొరుక్కుతినడానికి తయారైన ప్రాణి అది. అయినా గంజాం జిల్లాలో గుర్రాన్ని సాకేవాళ్ళున్నారు. పెళ్ళికొడుకును ఊరేగించడానికి తెల్లగుర్రం కావాలనే ముచ్చట ఉన్నన్నాళ్ళూ ఉంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయ్యేదాకా ఈ జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. బరంపురం వీధుల్లో ఒకే మనిషి నోట తెలుగూ ఒడియా రెండూ ఇప్పటికీ వినిపిస్తాయి. ఇంట్లో గుర్రాన్ని తెలుగులో బుజ్జగించి, పశువుల ఆసుపత్రిలో దాని గోడు ఒడియాలో చెప్పుకునేవాళ్ళు అక్కడ ఉంటే వింతేమీ లేదు.

ఆ గోడు ఏ భాషలో చెప్పినా ఒకేలా ఉంటుంది. కుంటుతోందని నొప్పి బిళ్ళ వేశారు. కుంటు తగ్గింది, కానీ గుర్రం దాణా ముట్టడం మానేసింది. బిళ్ళ ఆపితే తింటుంది, మళ్ళీ కుంటుతుంది. కీళ్ళు నొప్పిపెట్టే గుర్రానికి కడుపు కూడా సున్నితమైనదైతే యజమాని ఇలా రెండు బాధల మధ్య ఇరుక్కుపోతాడు. నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఏ మందు వేయాలని అడిగే ముందు తొట్టిలోకి తొంగిచూడాలి. వరి పండే సీమలో కీళ్ళనూ కడుపునూ కలిపి చెడగొట్టేది చాలాసార్లు ఆ తొట్టిలోనే ఉంటుంది.

ముందు కడుపు సంగతి. ఇంత పెద్ద జంతువుకు జీర్ణాశయం చాలా చిన్నది. నాలుగైదు వందల కిలోల గుర్రానికి పట్టేది 8 నుంచి 15 లీటర్లే. మనకు అన్నం చూస్తే, వాసన తగిలితే ఆమ్లం ఎక్కువగా ఊరుతుంది. గుర్రానికి అలా కాదు. తిన్నా తినకపోయినా, మెలకువలోనూ నిద్రలోనూ ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. రోజుకు 16 గంటలు మేసే జంతువుకు అది సరిపోయిన ఏర్పాటే. గడ్డి నమిలినంతసేపూ లాలాజలం లీటర్ల కొద్దీ ఊరుతుంది. అందులోని బైకార్బొనేట్ ఆమ్లం పదును తగ్గిస్తుంది. నమలకపోతే ఆ లాలాజలం ఊరదు. అంటే మేత ఆగినప్పుడు ఆమ్లం మాత్రం ఆగదు, దాన్ని చల్లార్చేది ఆగిపోతుంది.

జీర్ణాశయం లోపలి గోడ కూడా రెండు రకాలుగా ఉంటుంది. కింది భాగంలో గ్రంథులున్నాయి, వాటి మీద జిగురు పొర ఉంటుంది, ఆమ్లాన్ని అది తట్టుకుంటుంది. పైన మూడో వంతు భాగానికి ఆ రక్షణ లేదు. గుర్రం దౌడు తీసినప్పుడు పొట్ట బిగుసుకుని కింద ఉన్న ఆమ్లం పైకి చిమ్ముతుంది. కడుపు ఖాళీగా ఉంటే అది తిన్నగా ఆ పచ్చి గోడకు తగులుతుంది. అక్కడే పుండు పడుతుంది. 1990లలో మైఖేల్ మర్రే అనే అమెరికా పశువైద్యుడు కొన్ని గుర్రాలకు ఒకరోజు మేత, ఒకరోజు పస్తు చొప్పున పెట్టి గొట్టం కెమెరాతో లోపల చూశాడు. వారం తిరిగేలోగా పుండ్లు కనిపించాయి. మందులు లేవు, పరుగు పందెం లేదు. ఉన్నదల్లా పస్తు.

పెళ్ళి గుర్రం ఒక రోజు ఎలా గడుస్తుందో దీని పక్కన పెట్టి చూడండి. పొద్దున స్నానం చేయించి, తోమి, అలంకరణ మొదలుపెడతారు. వీధిలో పేడ వేస్తే బాగుండదని మధ్యాహ్నం మేత తగ్గిస్తారు. సాయంత్రం వ్యానెక్కించి పెళ్ళివారి ఊరికి తీసుకెళ్తారు. రాత్రి తాళాలు, బ్యాండు, బాణసంచా మధ్య తారురోడ్డు మీద రెండు మూడు గంటలు నిలబడటం, అడుగులో అడుగు వేయడం. మధ్యలో ఎవరో ప్రేమగా పెట్టిన లడ్డూ, బెల్లం. అర్ధరాత్రి దాటాక ఇంటికి చేరితే పెద్ద గిన్నెడు తడి తవుడు. ఈ వరస మాఘ ఫాల్గుణాల్లోనూ వైశాఖ జ్యేష్ఠాల్లోనూ ముహూర్తాలున్నన్నాళ్ళు సాగుతుంది. మర్నాడు గుర్రం ముందుకాలు జాగ్రత్తగా వేస్తుంటే ఇంజెక్షన్ చేయిస్తారు. రాత్రికి మళ్ళీ బండెక్కాలి కదా.

ఇక నొప్పి మందు లోపల ఏం చేస్తుందో చూద్దాం. 1971లో లండన్‌లో జాన్ వేన్ ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో కనిపెట్టాడు. ఒళ్ళు గాయపడినచోట ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారై వాపు, నొప్పి తెస్తాయి. ఆస్పిరిన్, దాని బంధువర్గం మందులన్నీ ఆ తయారీకి అడ్డుపడతాయి. ఈ పనికే 1982లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. చిక్కల్లా ఎక్కడుందంటే, అవే ప్రోస్టాగ్లాండిన్లు కడుపులో జిగురు పొరను నిలబెడతాయి, గోడకు రక్తం సరిగా అందేలా చూస్తాయి, ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలను కాపాడతాయి. మోకాలిలో తగ్గించాలనుకున్నది కడుపులోనూ తగ్గిపోతుంది.

ఇక్కడొక అపోహ గట్టిగా పాతుకుపోయి ఉంది. బిళ్ళ అయితే కడుపుకు పడదు, ఇంజెక్షన్ అయితే ఇబ్బంది లేదు అంటారు. అది తప్పు. మందు ఏ దారిన వెళ్ళినా చివరికి రక్తంలో కలిసే పనిచేస్తుంది, రక్తంలోంచే కడుపు గోడను చేరుతుంది. పైగా గుర్రాలకు ఎక్కువగా వాడే ఫినైల్‌బ్యూటజోన్ ఇంజెక్షన్‌ను సిరలోనే ఇవ్వాలి. కండకు ఇచ్చినా, సిర తప్పి పక్కకు జారినా ఆ చోట కండ కుళ్ళిపోతుంది. అది చేయితిరిగిన డాక్టరు చేయాల్సిన పని.

ఫినైల్‌బ్యూటజోన్ మనుషుల కోసం 1949లో వచ్చింది. ఎముకల్లోని మూలుగను దెబ్బతీస్తోందని తేలాక మనుషుల్లో వాడకం దాదాపు పోయింది. గుర్రాల్లో మాత్రం కొనసాగింది, ఎందుకంటే నొప్పి నిజంగా తగ్గిస్తుంది, ఖరీదూ తక్కువ. కానీ మోతాదు మించితే, రోజులు పెరిగితే, నీళ్ళు తాగని గుర్రానికి ఇస్తే జీర్ణాశయంతో ఆగదు. పెద్దపేగులో కుడివైపు పైభాగం పుండవుతుంది. గుర్రం విరేచనాలతో చిక్కిపోతుంది, రక్తంలో ప్రోటీన్ తగ్గి పొట్ట కింద నీరు చేరుతుంది. ఆ దశకు వచ్చాక ఎసిడిటీ మందులు పనికిరావు, ఎందుకంటే పుండు ఉన్నచోట ఆమ్లమే లేదు.

ఇంత తెలిశాక మనసు వెంటనే మంచి మందు ఏదని వెతుకుతుంది. దానికి ముందు తవుడు.

పదమూడో శతాబ్దం చివర్లో కోరమండల్ తీరం మీదుగా వెళ్ళిన మార్కో పోలో గుర్రాల గురించి రాసిన మాటలు నేను మళ్ళీ మళ్ళీ తలుచుకుంటాను. ఆ తీరంలోని మాబార్ రాజులు అరబ్బు దేశాల నుంచి ఏటా వేల గుర్రాలు కొంటారనీ, ఏడాది తిరిగేసరికి చాలా మటుకు చచ్చిపోతాయనీ, వాటికి అన్నం వండి మాంసంతో కలిపి పెడతారనీ, గుర్రాల వైద్యం తెలిసినవాళ్ళు అక్కడ లేరనీ రాశాడు. మేలుజాతి ఆడగుర్రాన్ని మేలుజాతి మగగుర్రంతో దాటించినా అక్కడ పుట్టే పిల్ల వంకరకాళ్ళతో స్వారీకి పనికిరాకుండా ఉంటుందని కూడా చెప్పాడు. ఆయన చెప్పిన ప్రతి ముక్కా నమ్మాలని లేదు. కానీ వరి తిండికీ వంకరకాళ్ళకూ సంబంధం ఉండే అవకాశాన్ని ఇవాళ్టి పశుపోషణ శాస్త్రం కొట్టిపారేయదు.

లెక్క ఇలా ఉంటుంది. 300 కిలోల గుర్రానికి రోజుకు సుమారు 12 గ్రాముల కాల్షియం, 8, 9 గ్రాముల ఫాస్ఫరస్ కావాలి. మొత్తం మేతలో కాల్షియం ఎప్పుడూ ఫాస్ఫరస్‌కు సమానంగానో, అంతకు మించో ఉండాలి. రెండుకు ఒకటిగా ఉంటే ఇంకా మంచిది. తవుడులో ఇది పూర్తిగా తలకిందులు. కాల్షియం కంటే ఫాస్ఫరస్ పది రెట్లకు మించి ఉంటుంది. రెండు కిలోల తవుడు పెడితే సుమారు 30 గ్రాముల ఫాస్ఫరస్ లోపలికి వెళుతుంది, కాల్షియం రెండు గ్రాములు కూడా వెళ్ళదు. రక్తంలో కాల్షియం తగ్గనివ్వకూడదు, తగ్గితే గుండె, కండరాలు పనిచేయవు. అందుకని మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల్లోంచి కాల్షియాన్ని లాగి రక్తంలో పోస్తాయి. రోజూ ఇదే జరిగితే ఎముక గుల్లబారుతుంది, కీళ్ళ అంచుల దగ్గర నొప్పి మొదలవుతుంది. ముదిరితే ముఖం ఎముకలు ఉబ్బి తల పెద్దదిగా కనిపిస్తుంది. యూరప్‌లో ఒకప్పుడు పిండిమిల్లుల వాళ్ళ గుర్రాలకు ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది, కారణం మిల్లులో ఊరికే దొరికే తవుడు. అక్కడ గోధుమ, ఇక్కడ వరి, అంతే తేడా.

ఇంటి ఆవుకు అదే తవుడు పెడుతున్నాం కదా, దానికేం కాలేదే అని అడిగేవాళ్ళకు న్యాయమైన సమాధానం ఉంది. ఆవుకు మొదటి పొట్టలోనే కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు ఉంటాయి. ఫాస్ఫరస్ ఎక్కువైనా అది కొంతవరకు సర్దుకోగలదు. వరిగడ్డిలోనూ నేపియర్, పారా వంటి పచ్చిగడ్డుల్లోనూ ఆక్సలేట్ ఉంటుంది, అది కాల్షియాన్ని పట్టి ఉంచి ఒంటబట్టనివ్వదు. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని ముందుగానే విరగ్గొడతాయి. గుర్రానికి సూక్ష్మజీవులు ఉండేది చివర, పెద్దపేగులో. కాల్షియం ఒంటబట్టేది అంతకు ముందు, చిన్నపేగులో. అక్కడ ఆక్సలేట్‌ను విప్పేవాళ్ళు లేరు. కాబట్టి తవుడు, వరిగడ్డి, నేపియర్ ఈ మూడింటి మీదే బతికే గుర్రానికి కాల్షియం మూడు వైపులా కరువే. పాడి మేతను అలాగే గుర్రం తొట్టిలోకి మార్చడం గంజాంలోనైనా శ్రీకాకుళంలోనైనా నేను చూసిన అతిపెద్ద పొరపాటు.

అందుకే నడిమి వయసు గుర్రం కుంటుతుంటే కీలు అరిగిందని తేల్చేయకూడదు. అరిగిన కీలు కుంటుకు ఒక పద్ధతి ఉంటుంది. అదే కాలు, అదే కీలు, పొద్దున బిగుసుకుని కాస్త నడిచాక సర్దుకోవడం. కాల్షియం కరువు కుంటు కాళ్ళు మారుతుంది. ఈ వారం ముందరి ఎడమ, వచ్చే వారం వెనక కుడి, ఒకోరోజు నాలుగూ. వాపు, వేడి ఎక్కడా పెద్దగా దొరకవు. మేత నమలడానికి కష్టపడుతుంది, పళ్ళు కదలవచ్చు. ఇలాంటి గుర్రానికి నెలల తరబడి నొప్పి మందు పోస్తే కడుపు పోతుంది, ఎముక మాత్రం గుల్లబారుతూనే ఉంటుంది. మేత సరిచేస్తే మొదటి దశలో ఉన్న కుంటు కొన్ని వారాల్లోనే తగ్గడం మొదలవుతుంది. ఎముక మళ్ళీ గట్టిపడటానికి మాత్రం నెలలు పడుతుంది.

గుర్రం ఏ కాలు కుంటుతోందో చూడటం కూడా నేర్చుకోవలసిన పనే. గట్టినేల మీద పగ్గం వదులుగా పట్టుకుని తిన్నగా నడిపించి, తర్వాత చిన్నగా పరుగెత్తించాలి. ముందుకాలు నొప్పి అయితే, నొప్పి కాలు నేలను తాకిన క్షణంలో తల పైకి లేస్తుంది, మంచి కాలు పడినప్పుడు కిందికి వాలుతుంది. చాలామంది దీన్ని తిరగేసి, మంచి కాలికి మందు రాస్తుంటారు. తర్వాత పక్కన కూర్చుని గిట్టకు పైన ఉన్న కీలు వెనుక రెండు వైపులా వేళ్ళు ఆనించాలి. ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి అక్కడ నాడి దొరకీ దొరకనట్టుంటుంది. టకటకా గట్టిగా కొట్టుకుంటుంటే జబ్బు కీలులో కాదు, గిట్టలో ఉందని అనుమానించాలి. అది ఆ రోజే డాక్టరు చూడవలసిన అత్యవసరం. ముఖం కూడా చెబుతుంది. చెవులు వెనక్కి బిగుసుకోవడం, కంటి పైన కండ ముడిపడటం, ముక్కుపుటాలు సాగి గట్టిపడటం నొప్పికి గుర్తులని 2014లో పరిశోధకులు కొలబద్దే తయారుచేశారు. రోజూ గుర్రాన్ని తోమే పిల్లవాడికి ఇవి ముందే తెలిసి ఉంటాయి, అతన్ని అడగాలి.

కీలు లోపల ఎముకల చివర మృదులాస్థి ఉంటుంది. దానికి రక్తనాళాలు లేవు. నడిచినప్పుడు నొక్కుకుని, కాలెత్తినప్పుడు విచ్చుకుని, స్పాంజి నీళ్ళు పీల్చినట్టు చుట్టూ ఉన్న కీలు ద్రవంలోంచి ఆహారం తీసుకుంటుంది. కాబట్టి పొట్టి పగ్గంతో రోజంతా కట్టేస్తే కీలు ఆకలితో ఉన్నట్టే. అరిగిన మృదులాస్థి తిరిగి మొలవదు, దాన్ని తిరిగి మొలిపించే మందూ లేదు. మనం చేయగలిగింది మంట తగ్గించడం, బరువు తగ్గించడం, కీలును కదిలిస్తూ ఉండటం. గుర్రం ఒంటి బరువులో 60 శాతం దాకా ముందుకాళ్ళ మీదే ఉంటుంది. ఆ కాళ్ళు నేలను తాకేది ఒక్కో వేలి కొసతో. పక్కటెముకలు కంటికి కనిపించకుండా, చేతికి మాత్రం సులభంగా తగిలేంత ఒళ్ళు ఉంటే చాలు. తెల్లగుర్రం బొద్దుగా ఉంటే ఫోటోలో బాగుంటుందని మేపి బరువు పెంచేవాళ్ళు ఆ కొసల మీద మూట పెడుతున్నారు.

గిట్టల విషయం చిన్నదిగా చెబుతాను కానీ అది చిన్నది కాదు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్ట చెక్కించాలి. ముందుకొస పొడుగైతే ప్రతి అడుగులో కీలు ఎక్కువ వంగాలి, వెనక స్నాయువులు ఎక్కువ సాగాలి. నాడాలు కొట్టే పనివాడు దొరకడమే ఇప్పుడు గగనమైపోయింది. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద గుర్రాలు, పొట్టిగుర్రాలు కలిపి 3.4 లక్షలే. 2012తో పోలిస్తే 45 శాతానికి పైగా తగ్గాయి. గుర్రాలు తగ్గితే గుర్రాల పని తెలిసినవాళ్ళూ తగ్గుతారు. పొలసర వంటి చోట గుర్రం డాక్టరు అంటే నిజానికి ఆవులు, మేకలు చూసే డాక్టరే. పెద్ద చిక్కు వస్తే భువనేశ్వర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం పశువైద్య కళాశాల, అవతలి వైపు విజయనగరం జిల్లా గరివిడిలోని పశువైద్య కళాశాల దిక్కు. దూరమే, అయినా కీలులోకి ఇంజెక్షన్ చేయవలసి వస్తే అంత దూరం పోవడమే మేలు.

ఇప్పుడు తొట్టి. 300 కిలోల గుర్రానికి రోజుకు నాలుగున్నర నుంచి ఆరు కిలోల ఎండుగడ్డి, లేదా దానికి సమానమైన పచ్చిమేత కావాలి. ఒకేసారి కాదు, నాలుగైదు సార్లు. రాత్రి పడుకునే ముందు ఒకటి తప్పనిసరి. గడ్డి లేకుండా ఆరు గంటలు దాటనివ్వకూడదు. చిన్న కన్నుల వలలో గడ్డి పెడితే నెమ్మదిగా లాక్కుని తింటుంది, ఎక్కువసేపు నములుతుంది. లూసర్న్ దొరికితే దానిలోని కాల్షియం, ప్రోటీన్ ఆమ్లాన్ని బాగా చల్లారుస్తాయి. గంజాంలో అది దొరకడం కష్టం. కానీ వరి కోశాక అదే మడిలో పెసర, మినుము వేస్తారు, మెట్టల్లో వేరుశనగ వేస్తారు. తెలుగు జిల్లాల్లో వరి తర్వాత పిల్లిపెసర చల్లే అలవాటూ ఉంది. కాయ కోసిన తర్వాత మిగిలే ఆకూ తీగా గుర్రానికి లూసర్న్ చేసే పనే చాలావరకు చేస్తాయి. బూజు వాసన వస్తే మాత్రం ఆ మోపును పారేయాలి, ముఖ్యంగా వేరుశనగది.

ఉలవల విషయంలో మన పాతవాళ్ళ తీర్పు నిలిచింది. తవుడులా కాకుండా ఉలవల్లో కాల్షియం, ఫాస్ఫరస్ దాదాపు సమానంగా ఉంటాయి, ప్రోటీను 20 శాతం దాటి ఉంటుంది. నానబెట్టి, ఉడికించి కొద్దికొద్దిగా పెట్టాలి. ఒక పూట దాణాలో పిండిపదార్థం గుర్రం బరువుకు కిలోకు ఒక గ్రాము మించకూడదు, అంటే 300 కిలోల గుర్రానికి 300 గ్రాములు. నూకలు, అన్నం, మొక్కజొన్న ఈ హద్దును చాలా తొందరగా దాటిస్తాయి. తవుడు పూర్తిగా మానలేని ఇంట్లో దాన్ని పిడికెడుకు తగ్గించి, పశువుల దాణాలో కలిపే సున్నపురాయి పొడి చేర్చాలి. ఎంత అన్నది డాక్టరు లెక్క కట్టాలి. కిళ్ళీలో వేసే సున్నం మాత్రం ఎన్నడూ కలపకూడదు. అది నోటినీ కడుపునూ కాలుస్తుంది. అవిసె గింజలు మెత్తగా దంచి గుప్పెడు ఇస్తే అందులోని ఒమేగా మూడు కొవ్వు వాపు తగ్గడానికి కొంత సాయపడుతుంది. అద్భుతాలేమీ జరగవు, హానీ లేదు.

మన్యం పొట్టిగుర్రాలు మేత విషయంలో మంచి పాఠం. పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి కొండల్లో బళ్ళు వెళ్ళని ఊళ్ళకు బియ్యం, సరుకులు మోసేది అవే. బరువు దించగానే కొండవాలు మీదకు వదిలేస్తారు, దొరికిన రకరకాల గడ్డీ ఆకూ మేస్తూ తిరుగుతాయి. వాటి కష్టం పెళ్ళిగుర్రం కష్టం కంటే ఎక్కువే, కీళ్ళూ అరుగుతాయి. అయితే కడుపు ఖాళీగా ఉండే గంటలు తక్కువ.

ఇన్ని చేశాక కూడా నొప్పి ఉంటే మందు కావాలి. నొప్పితో గుర్రాన్ని ఉంచడం మంచితనం కాదు. నొప్పి కూడా గుర్రం మేతను తగ్గిస్తుంది, ఒంట్లో ఒత్తిడి పెంచి కడుపును పాడుచేస్తుంది. ప్రోస్టాగ్లాండిన్లను తయారుచేసే ఎంజైము రెండు రకాలని 1990ల మొదట్లో తేలింది. ఒకటి కడుపును కాపాడే పనిలో ఎప్పుడూ ఉండేది, రెండోది ఎక్కువగా వాపు వచ్చినచోట పుట్టేది. రెండోదాని మీదే గురిపెట్టే ఫిరోకాక్సిబ్ గుర్రాల కోసం వచ్చింది. మన దేశంలో పశువులకు తేలిగ్గా దొరికే మెలోక్సికామ్ కూడా ఫినైల్‌బ్యూటజోన్ కంటే ఆ వైపే మొగ్గుతుంది. సున్నితమైన కడుపున్న గుర్రానికి ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోవడం సబబు. భద్రం అంటే పూర్తిగా హాని లేనిదని కాదు. డాక్టరు చెప్పిన అతి తక్కువ మోతాదు, అతి తక్కువ రోజులు, గడ్డి తిన్న తర్వాత, పక్కన నిండుగా నీళ్ళు. గంజాం వేసవి ఉక్కలో చెమటకారిన గుర్రానికి నీళ్ళు తాగించకుండా ఈ మందు వేస్తే దెబ్బతినేది మూత్రపిండాలు. ఒక మందు చాల్లేదని ఇంకొకటి కలపడం అన్నిటికంటే ప్రమాదం. పొద్దున ఫినైల్‌బ్యూటజోన్, రాత్రి ఫ్లునిక్సిన్ అంటే నొప్పి రెట్టింపు తగ్గదు, పుండ్లు మాత్రం ఎక్కువవుతాయి.

పుండ్లకు ఒమెప్రజోల్ ఉంది కదా, నొప్పి మందూ అదీ కలిపి ఇస్తే సరిపోతుందని అనుకోవడం సహజం. జీర్ణాశయం పుండ్లకు అది చాలా మంచి మందు, గుర్రాల కోసమే తయారైన ముద్ద 1999లో అమెరికాలో అనుమతి పొందింది. కానీ ఫినైల్‌బ్యూటజోన్‌తో పాటు ఒమెప్రజోల్ ఇచ్చి చూసిన పరిశోధన ఒకటి 2021లో వెలువడింది. జీర్ణాశయంలో పుండ్లు తగ్గాయి, పేగుల్లో మాత్రం ఇబ్బందులు పెరిగాయి. కాబట్టి నెలల తరబడి అలవాటుగా రెండూ కలిపి పెట్టడానికి నేను ఒప్పుకోను. ఇంకో సంగతి, మనుషుల ఒమెప్రజోల్ గుళికను విప్పి దాణాలో కలిపితే జీర్ణాశయంలోని ఆమ్లానికే చాలా మటుకు నాశనమైపోతుంది.

మందుల దుకాణంలో మనుషుల డైక్లోఫెనాక్ చవకగా దొరుకుతుంది. దాన్ని గుర్రానికి, ఆవుకు పొడవడం చట్టవిరుద్ధం. డైక్లోఫెనాక్ పడిన పశువు కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోతున్నాయని 2004లో రుజువైంది. 2006లో పశువులకు దాని వాడకాన్ని ప్రభుత్వం నిషేధించింది. మనుషుల మందును పశువులకు మళ్ళించకుండా 2015లో ఇంజెక్షన్ సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించింది. కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా 2023లో పశువులకు నిషేధమయ్యాయి. మెలోక్సికామ్ రాబందులకు హాని చేయదు. అది ఎంచుకోవడానికి ఇదీ ఒక కారణం.

కీలులోకే నేరుగా స్టెరాయిడ్ లేదా హయలురానిక్ ఆమ్లం ఎక్కించడం మరో దారి. మందు ఒకే కీలులో పనిచేస్తుంది, కడుపును పెద్దగా తాకదు. పాడైంది ఒకటో రెండో కీళ్ళే అయితే ఇది చక్కని దారి. సూది మొన మీద కాస్త మురికి ఉన్నా కీలు చీము పట్టి గుర్రం ఇక లేవకపోవచ్చు, అందుకే కళాశాల ఆసుపత్రి అన్నాను. గ్లూకోసమైన్ డబ్బాలు ఖరీదైనవి. నోటి ద్వారా ఇస్తే గుర్రానికి ఒంటబట్టేది అతి కొద్ది. ఆ డబ్బుతో ఒక మోపు పెసర తీగ కొనమంటాను. ఇక వాతలు. కాల్చిన ఇనుముతో కీలు చుట్టూ వాతలు పెట్టడం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. వాత పెట్టాక గుర్రం బాగుపడితే అది వాత గొప్పతనం కాదు, వాత పుండు మానేదాకా ఇచ్చిన విశ్రాంతి గొప్పతనం. కాళ్ళ వెనుక స్నాయువుల దెబ్బలకు వాతలవల్ల మేలేమీ లేదని బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరిశోధన 1983లోనే తేల్చింది. అరిగిన కీలు ఉన్న ప్రాణికి మరో నొప్పి తగిలించడాన్ని వైద్యం అనలేం. వేడెక్కిన కీలు మీద పదిహేను ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళు ధారగా పోస్తే ఖర్చూ లేదు, హానీ లేదు.

మందు మొదలుపెట్టిన గుర్రాన్ని కనిపెట్టి ఉండాల్సిన గుర్తులు కొన్ని ఉన్నాయి. గడ్డి తింటూ దాణా వదిలేయడం, జీను పట్టీ బిగిస్తుంటే కరవబోవడం, పళ్ళు నూరడం, తిన్న వెంటనే నేల గీరడం, పేడ పలచనవడం, పొట్ట కింద మెత్తగా వాపు. వీటిలో ఏది కనిపించినా మందు ఆపి డాక్టరుకు చెప్పాలి. కుంటు మళ్ళీ వస్తుందని భయపడి ఒక్క రోజు లాగినా నష్టం పెద్దది.

ముహూర్తాల రోజుల్లో ఇవన్నీ ఎలా కుదురుతాయని అడుగుతారు. కుదుర్చుకోవాలి. బయల్దేరడానికి అరగంట ముందు రెండు పిడికిళ్ళు పెసర తీగో, ఎండుగడ్డో పెడితే కడుపులో గడ్డి తెప్పలా నిలిచి ఆమ్లం పైకి చిమ్మకుండా ఆపుతుంది. వ్యానులో ముందు గడ్డి వల కట్టాలి, ఊరేగింపు ఆగినప్పుడల్లా నాలుగు పరకలు నోటికి అందించాలి. వీధిలో పేడ పడితే ఎత్తడానికి ఒక పార, ఒక సంచి చాలు. లడ్డూలు వద్దని పెళ్ళివారికి ముందే చెప్పాలి. వెనక కాళ్ళ మీద నిలబెట్టి ఆడించడం, అరిగిన కీళ్ళున్న గుర్రంతో అసలు చేయించకూడదు. బేరం కుదిరేటప్పుడే వీపు మీద మనిషి ఉండేది గంటకు మించదని, మధ్యలో నీళ్ళకు ఆగుతామని చెప్పి ఒప్పించాలి. ఇంజెక్షన్ చేస్తే తప్ప ఊరేగింపుకు నిలబడలేని గుర్రాన్ని ఆ రాత్రికి పంపకూడదు. పంపమని పెళ్ళివారు ఎంత ఇస్తామన్నా సరే, బయానా తిరిగి ఇచ్చేయాలి.